క్యాలెండరు మీద లేపాక్షి బసవన్న: పేరు వేయకపోతే దొంగతనమేనా?

కంటిచూపు:
తెల్లవారుజామున వెళ్లి తీసిన లేపాక్షి నంది ఫోటోను 2019లో వికీపీడియాకు బొమ్మలు అందించే ఉచిత భండారం వికీమీడియా కామన్స్‌లో పెట్టాను, తీసినవారి పేరు వేసి ఎవరైనా వాడుకోవచ్చనే సీసీ బై-ఎస్ఏ 4.0 లైసెన్సుతో. ఈ ఏడు ఒక ప్రెస్సువారు దాన్ని క్యాలెండరుగా వేసి అమ్మారు. నా పేరు ఎక్కడా లేదు. దొంగతనం కాక మరేమిటి?

అచ్చుపని:
చలివేంద్రం పెట్టి, తాగినవాణ్ణి దొంగ అంటారా?

కంటిచూపు:
నీళ్లు తాగమన్నాను, గ్లాసు పట్టుకుపొమ్మనలేదు.

అచ్చుపని:
పేరు ఎక్కడ వేయాలి? బసవన్న మూపురం మీదా?

చదువరి:
అడుగున చిన్న అక్షరాల్లో వేసినా సరిపోతుంది. తీసినవారి పేరు, లైసెన్సు పేరు, దాని లింకు, మార్పు చేస్తే ఆ మాట. చోటు చాలకపోతే ఈ వివరాలన్నీ ఉన్న పేజీ లింకు ఇవ్వవచ్చు.

కంటిచూపు:
మార్పు కూడా చేశారు! తిథుల గడుల కోసం తోక వైపు కత్తిరించేశారు.

పక్కబెంచీ:
తిథులైనా సరిగ్గా ఉన్నాయా?

అచ్చుపని:
నవ్వండి. ఒకసారి పెళ్లి కార్డు మీద నెట్‌లో దొరికిన తామరపువ్వు వేశాను. అదీ ఇదే లైసెన్సు. పేరు వేయాలని తెలియదు. ఫోను లేదు, ఉత్తరం లేదు, నేరుగా లాయరు నోటీసు. 300 కార్డుల పనికి 40 వేలు కట్టాను. ఉచితమని ఎర వేసి గాలం లాగడం కాదా ఇది?

చదువరి:
4.0లో తప్పు తెలిసిన 30 రోజుల్లోపు సరిదిద్దుకుంటే వాడుకునే హక్కు దానంతటదే తిరిగి వస్తుంది. అప్పటిదాకా జరిగిన ఉల్లంఘనకు పరిహారం అడిగే హక్కు మాత్రం తీసినవారికి ఉంటుంది.

కంటిచూపు:
నేను ఒక్క రూపాయి అడగలేదు.

అచ్చుపని:
మరి ‘అమ్మారు’ అని మొదటి టపాలోనే ఎందుకు రాశారు?

కంటిచూపు:
కడుపు మండి రాశాను. నా ఫోటోతో ఎవరో సంపాదిస్తుంటే మండదా? వ్యాపారానికి వద్దనే ఎన్‌సీ షరతు పెడదామంటే కామన్స్‌లో అది చెల్లదు. వికీపీడియా వ్యాసానికి మంచి బొమ్మ ఉండాలని ఒప్పుకున్నాను. ఇప్పుడు లైసెన్సు వెనక్కి తీసుకోవచ్చా?

చదువరి:
వీల్లేదు, అది రద్దు కాని అనుమతి. అమ్ముకునే హక్కు మీరే ఇచ్చారు. పేరు ఎగ్గొట్టే హక్కు ఇవ్వలేదు. మీ ఫిర్యాదు అంతవరకే నిలుస్తుంది.

అచ్చుపని:
ఆ ప్రెస్సుకు ఒక్కసారైనా ఫోను చేశారా?

కంటిచూపు:
లేదు. నంబరు వెతకాలి.

పక్కబెంచీ:
వెతకడం దేనికి? క్యాలెండరు అడుగున చూడండి. వాళ్ల పేరు, నంబరు వేయడానికి చోటు బాగానే దొరికి ఉంటుంది.