అరకు ఘాట్ ఎక్కి దిగిన రాత్రి నిద్రే పట్టడం లేదు, ఇంకెవరికైనా ఇలా ఉందా?

వైజాగ్_పెడల్:

అందరికీ నమస్తే. మాది వైజాగ్. ఆదివారాలు సైకిల్ మీద లాంగ్ రైడ్‌కి వెళ్తుంటాను. భీమిలి బీచ్ రోడ్డు మీద తిరిగినంత కాలం ఏ ఇబ్బందీ లేదు, ఇంటికొచ్చి తిని పడుకుంటే మళ్లీ పొద్దున్నే లేవడమే. ఈ మధ్య ఎస్.కోట మీదుగా అరకు ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాను, అప్పటినుంచే ఈ గొడవ. తెల్లవారుజామున బయల్దేరి అరకులో భోంచేసి, దిగి, చీకటి పడే వేళకి ఇల్లు చేరతాను. రానూ పోనూ 230 కిలోమీటర్ల దాకా అవుతుంది.

ఒళ్లు హూనమైపోయి ఉంటుంది కదా, మంచం ఎక్కగానే గుర్రు పెట్టేస్తానని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. నాకేమో రెప్ప వాలదు. గుండె దడదడ చెవుల్లో వినిపిస్తుంటుంది. మామూలు రోజుల్లో పడుకునేటప్పుడు వాచీలో 55 చూపించే హార్ట్ రేట్ ఆ రాత్రి 75 కిందకి దిగదు. ఒళ్లు వెచ్చగా ఉంటుంది, థర్మామీటర్ పెడితే జ్వరం లేదు. కాళ్లు ఎటు పెట్టినా కుదురుండవు. ఎప్పుడో రెండు దాటాక కునుకు పడితే కలలోనూ ఘాట్ మలుపులే, బ్రేకులు పట్టుకుంటూ ఉలిక్కిపడి లేస్తాను. సోమవారం ఆఫీసులో నా మొహం చూసి రాత్రంతా ఎక్కడ తిరిగావని అడుగుతున్నారు.

తిండి సంగతి కూడా చెప్తాను, ఎలాగూ అడుగుతారు. దారిలో అరటిపండ్లు, పల్లీ చిక్కి. అరకులో అన్నం, తర్వాత స్ట్రాంగ్ కాఫీ (అక్కడిదాకా వెళ్లి కాఫీ తాగకుండా ఎలా). తిరిగొచ్చేటప్పుడు ఒక ఎనర్జీ జెల్ ప్యాకెట్, ఎస్.కోటలో ఎనర్జీ డ్రింక్, కొత్తవలసలో టీ. ఇంటికొచ్చాక ఆకలి అనిపించదు, బాగా చల్లటి నీళ్లు పోసుకుని పక్క ఎక్కేస్తాను. నిద్రమాత్ర ఏదైనా వేసుకోవచ్చా? రైడ్ మానెయ్యమని మాత్రం చెప్పకండి, ఆ మాట మా ఆవిడ రోజూ చెప్తూనే ఉంది.

నార్సింగి_సైకిల్:

అన్నా, ఇది నీ ఒక్కడికే కాదు. మా హైదరాబాద్ గ్రూప్‌లో వికారాబాద్ దగ్గరి అనంతగిరి వెళ్లొచ్చిన రాత్రి పన్నెండు దాటాక కూడా స్ట్రావా యాప్‌లో ఒకరి రైడ్‌కి ఒకరు లైకులు కొట్టుకుంటూనే ఉంటారు, ఎవరూ పడుకోరు.

అలిసిపోతే నిద్ర వస్తుందని అందరం అనుకుంటాం గానీ అలసట వేరు, నిద్ర వేరు. నిద్ర పట్టాలంటే ఒంట్లోపలి వేడి కొంచెం దిగాలి, గుండె నెమ్మదించాలి. రోజంతా ఘాట్ ఎక్కి దిగిన ఒంట్లో దీనికి రివర్స్ జరుగుతుంది. కండరాలు గంటల తరబడి వేడి పుట్టించాయి, అడ్రినలిన్, కార్టిసాల్ లాంటి ఒత్తిడి హార్మోన్లు ఇంకా రక్తంలో తిరుగుతూనే ఉంటాయి. పొయ్యి ఆర్పగానే పెనం చల్లారదు కదా, అలాగే. పైగా మీది సముద్రం పక్కన ఊరు, గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. అదే 230 హైదరాబాద్‌లో డిసెంబర్‌లో తొక్కి చూడు, తేడా నీకే తెలుస్తుంది.

నేను అడిగేది ఒకటే, చివరి రెండు గంటలు ఎలా తొక్కుతున్నావు? చీకటి పడకముందే ఇల్లు చేరాలని కొత్తవలస నుంచి దంచి కొడుతుంటావు, అవునా? పెందుర్తి దగ్గర లారీల మధ్య, హెడ్‌లైట్లు కళ్లలో కొడుతుంటే ఎంత టెన్షన్ పడతామో నాకు తెలుసు. ఒంటికి అది కూడా రేసే. గంట ముందు బయల్దేరైనా సరే, చివరి 25, 30 కిలోమీటర్లు చిన్న గేర్‌లో, మాట్లాడుకుంటూ తొక్కగలిగే స్పీడ్‌లో రా. ఆ సమయంలోనే గుండె సగం దిగిపోతుంది.

బాగా చల్లటి నీళ్ల స్నానం గురించి. ఆ క్షణానికి హాయిగానే ఉంటుంది, కానీ చర్మం కింద రక్తనాళాలు ముడుచుకుపోయి లోపలి వేడి బయటికి పోవడం నెమ్మదించవచ్చు. గోరువెచ్చటి నీళ్లు పోసుకో, అదీ పడుకోవడానికి గంటో గంటన్నరో ముందు. అప్పుడు చర్మంలోకి రక్తం వచ్చి వేడి బయటికి పోతుంది. తర్వాత ఫ్యాన్ కింద పల్చటి బట్టలతో కూర్చో. ఫోన్ పక్కన పెట్టు, స్ట్రావా పొద్దున చూసుకోవచ్చు.

ఫిల్టర్_కాఫీ_ఫ్యాన్:

నా పేరు చూసి నవ్వుకోండి గానీ మీ పోస్ట్‌లో సమాధానం మీరే రాశారు. అరకులో కాఫీ, జెల్, ఎనర్జీ డ్రింక్, టీ!! చిన్న ఎనర్జీ డ్రింక్ డబ్బాలోనే 75, 80 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. జెల్‌లో ఉందో లేదో ప్యాకెట్ వెనక చూడండి, కొన్నింట్లో అసలుండదు, కొన్నింట్లో కాఫీ కప్పుకి తగ్గకుండా ఉంటుంది. ఒంట్లోకి వెళ్లిన కెఫీన్ సగం అవ్వడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. ఎస్.కోటలో సాయంత్రం ఐదింటికి తాగింది రాత్రి పదింటికి ఇంకా సగం మిగిలే ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండు తర్వాత కెఫీన్ ఏదీ ముట్టకుండా ఒక్క రైడ్ చేసి చూడండి. ఫలితం లేకపోతే అప్పుడు మిగతావి ఆలోచించవచ్చు. అరకు కాఫీని పొద్దున పదకొండుకే చేరుకుని తాగేలా స్పీడ్ పెంచండి 😀

డాలస్_నుంచి_పద్మ:

పై ఇద్దరూ చెప్పింది నిజమే, కానీ ఇక్కడ అసలు విషయం తిండి అని నాకనిపిస్తోంది. ఇంటికొచ్చాక ఆకలి వేయదన్నారు చూశారా, అదీ. ఎండలో బాగా కష్టపడ్డాక కొన్ని గంటలు ఆకలి చచ్చిపోతుంది, తినకుండా పడుకుంటాం, అర్ధరాత్రి ఒంట్లో చక్కెర తగ్గుతుంది. దాన్ని పైకి లాగడానికి ఒళ్లు మళ్లీ అడ్రినలిన్, కార్టిసాల్ వదులుతుంది. రెండింటికి, మూడింటికి గుండె దడతో మెలకువ వచ్చేవాళ్లలో కొందరి కథ ఇదే. మా టెక్సస్‌లో ఏటా ఆగస్టులో విచిటా ఫాల్స్‌లో హాటర్ ఎన్ హెల్ హండ్రెడ్ అని 100 మైళ్ల రైడ్ జరుగుతుంది, పేరులోనే ఉంది ఎండ సంగతి. దాన్ని పూర్తి చేసి కారులో డాలస్ వచ్చేసరికి మావాళ్లెవరికీ మెతుకు దిగదు, ఆ రాత్రి సగం మంది పైకప్పు చూస్తూ గడుపుతారు.

లెక్క చూడండి. ఘాట్‌తో కలిపి 230 కిలోమీటర్లంటే 5 వేల కేలరీలు సులువుగా దాటుతాయి. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే పిండిపదార్థం మొత్తం కలిపినా 2 వేల కేలరీలకి కాస్త అటూఇటూ. నాలుగు అరటిపండ్లు, రెండు చిక్కీలు, ఒక ప్లేట్ అన్నం ఏ మూలకి? రైడ్‌లోనే గంటకి 60 గ్రాముల దాకా పిండిపదార్థం పడేలా చూసుకోండి, అంటే గంటకి రెండు మంచి సైజు అరటిపండ్లు, లేదా దానికి సరిపడా ఖర్జూరాలు, చిక్కీ. రైడ్ అయ్యాక మొదటి కొన్ని గంటలు ఒంటి బరువులో కిలోకి ఒక గ్రాము చొప్పున గంటగంటకీ పిండిపదార్థం తింటే నిల్వలు త్వరగా నిండుతాయి. 70 కిలోల మనిషికి 70 గ్రాములు, వండిన అన్నం పావుకిలో తింటే వచ్చేస్తుంది. ఆకలి లేకపోతే ముందు పల్చటి ఉప్పు మజ్జిగ, అరగంట ఆగి పెరుగన్నంలో ఒక అరటిపండు. గుడ్లు తింటే రెండు ఉడకబెట్టుకోండి. బిర్యానీ మాత్రం వద్దు బాబూ, ఆ నూనె, మసాలా అరగడానికే రాత్రి సరిపోతుంది.

మీ ఆవిడ మాటని అంత తేలిగ్గా తీసిపారేయకండి. ఆదివారమంతా మీరు రోడ్డు మీద ఉంటే ఆవిడ ఇంట్లో ఎన్నిసార్లు ఫోన్ చూసుకుంటుందో అడిగారా ఎప్పుడైనా?

ముసలి_ర్యాండో:

అందరూ సైన్స్ చెప్పేశారు కాబట్టి నేను వేరే మాట చెప్తా. తమ్ముడూ, ఒక్క రాత్రి నిద్ర లేకపోతే ఏమీ కాదు. మా బ్రెవెల్లో (టైమ్ లోపల పూర్తి చేయాల్సిన లాంగ్ సైకిల్ రైడ్లు) 300 కిలోమీటర్లకి 20 గంటలు, 400కి 27, 600కి 40 గంటల టైమ్ ఇస్తారు. 400 నుంచి రాత్రి దాటడం తప్పదు, 600లో బస్టాండ్ బల్ల మీద కునుకు తీసి మళ్లీ తొక్కినవాళ్లున్నారు. వాళ్లంతా ఆ మర్నాడు బానే ఉన్నారు, మూడో రోజుకి ఒళ్లు తెలియకుండా నిద్రపోయారు. నిద్ర రాలేదే, రాలేదే అని గడియారం చూస్తూ మంచం మీద దొర్లడమే అసలు చేటు. అరగంట చూసినా రాకపోతే లేచి హాల్లో లైట్ తగ్గించి కూర్చో, రెప్పలు బరువెక్కినప్పుడే మళ్లీ వెళ్లు.

నాకు నచ్చనిది ఇంకొకటుంది. బీచ్ రోడ్డు నుంచి ఏకంగా అరకుకి ఎగిరావు. మధ్యలో మెట్లేవి? ముందు ఎస్.కోట దాకా వెళ్లి రా. కొన్ని వారాలయ్యాక ఘాట్ మొదట్లోంచి తైడ దాకా ఎక్కి దిగు. అది ఒంటికి అలవాటయ్యాక అరకు. గుండె 75 దగ్గర నిలబడిపోవడమంటే నీ ఒంటికి ఆ పని ఇంకా చాలా ఎక్కువ అని. అది ఒక్క రాత్రితో పోతే సరే. బుధవారం పొద్దున లేచినప్పుడు కూడా మామూలు కన్నా పది ఎక్కువగా ఉంటే ఆ వారం సైకిల్ ముట్టకు.

అసలు ఆదివారమే ఎందుకు? శనివారం వెళ్లు. శనివారం రాత్రి నిద్ర పట్టకపోయినా ఆదివారం మధ్యాహ్నం కాసేపు పడుకుంటావు, ఆదివారం రాత్రి మొద్దులా పడతావు, సోమవారం ఆఫీసులో ఎవడూ ఏమీ అడగడు. నిద్ర లేకుండా సోమవారం పొద్దున బండి నడపడం ఘాట్ దిగడం కన్నా ప్రమాదం, అది గుర్తుపెట్టుకో.

నైట్_డ్యూటీ:

ఆసుపత్రిలో పనిచేస్తాను, సైకిల్ కూడా తొక్కుతాను. మాత్రల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నా. అల్ప్రాజోలం, జోల్పిడెం లాంటివి డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, మీరు వేసుకోకూడదు. మెడికల్ షాపులో అడిగితే ఎవిల్ ఇస్తాడు, అది అలర్జీ మందు, మత్తు మర్నాడు మధ్యాహ్నం దాకా ఉంటుంది. "ఒక బీరు కొట్టు, అదే పడుతుంది" అనే స్నేహితులు ప్రతి గ్రూప్‌లో ఉంటారు. మందు తాగితే త్వరగా కళ్లు మూసుకుపోతాయి, నిజమే, రాత్రి రెండో సగంలో నిద్ర ముక్కలవుతుంది, నీరు ఇంకా పోతుంది. ఒళ్లు నొప్పులకి ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా ఆ రాత్రి వద్దు, ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు అవి కిడ్నీలకి మంచివి కావు.

నీళ్ల విషయంలో రెండు వైపులా తప్పులు జరుగుతున్నాయి. తక్కువ తాగితే గుండె వేగం దిగదు. అలాగని ఉప్పు లేని మంచినీళ్లే లీటర్లు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులు, మాట తడబడడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి. పొడి ప్యాకెట్ లీటర్ నీళ్లలో కలుపుకునే అసలు ఓఆర్‌ఎస్ వాడండి, అందులో లీటర్‌కి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు ఉంటాయి. ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టి చక్కెర నీళ్లు అమ్మడం మీద మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. లేబుల్ చదివి కొనండి.

కాళ్లు కుదురుండవు అన్నారు. రైడ్ రాత్రి మాత్రమేనా, మిగతా రోజుల్లోనూ సాయంత్రమయ్యేసరికి కాళ్లు కదపాలనిపిస్తుందా? మిగతా రోజుల్లోనూ ఉంటే ఫెరిటిన్ పరీక్ష చేయించుకోండి, ఐరన్ తక్కువైతే అలా అవుతుంది. మూత్రం కోలా రంగులో వచ్చినా, ఛాతీ నొప్పి వచ్చినా, గుండె లయ తప్పి కొట్టుకుంటున్నట్టు అనిపించినా ఇక్కడ పోస్ట్ పెట్టి కూర్చోకండి.

వైజాగ్_పెడల్:

అందరికీ థాంక్స్. కాళ్ల బాధ రైడ్ రాత్రి ఒక్కటే సార్, మిగతా రోజుల్లో లేదు. ర్యాండో అన్నా, శనివారం నాకు సగం రోజు ఆఫీసు ఉంటుంది, నెలలో రెండు శనివారాలే సెలవు, సరే ఆ రెండే పెట్టుకుంటా. తైడ దాకా ఎక్కి దిగడమంటే అవమానంగా ఉంది గానీ వింటాను. పద్మ అక్కా, పెరుగన్నం, అరటిపండు మా ఆవిడకి చెప్పాను, "ఇది చెప్పడానికి అమెరికా నుంచి రావాలా" అంది.

ఒక డౌట్ మిగిలింది. తిరుగు ప్రయాణంలో ఆ పెందుర్తి ట్రాఫిక్ తప్పించుకోవడానికి అరకు నుంచి రైలెక్కితే ఎలా ఉంటుంది? సైకిల్ ఎక్కించనిస్తారా?

ముసలి_ర్యాండో:

కిరండూల్ నుంచి వైజాగ్ వచ్చే ప్యాసింజర్ ఉంది కదా. సైకిల్‌ని లగేజీ కింద బుక్ చేయాలి, స్టేషన్‌కి ముందే వెళ్లి అడుగు, చివరి నిమిషంలో ప్లాట్‌ఫారం మీద బతిమాలితే పని జరగదు. కిటికీ పక్క సీటు చూసుకో, సొరంగాలు వస్తాయి. ఆ రైల్లో టీ అమ్మేవాడు ప్రతి పది నిమిషాలకీ వస్తాడు, వాడి దగ్గర మాత్రం తాగకు.

ఫిల్టర్_కాఫీ_ఫ్యాన్:

+1. పల్లీలు కొనుక్కోండి.