బొమ్మ బాగుంటే అమ్ముడుపోతదా, గోడకు సరిపోతే అమ్ముడుపోతదా?

పానగల్లు పోరడు:
మొన్న నల్లగొండల దోస్తు గృహప్రవేశానికి పోయిన. ఉరుకుతున్న ఏడు తెల్ల గుర్రాల పటాలు మూడొచ్చినయ్, మూడూ గిఫ్టులే. మా చుట్టపాయన చెరువుకట్ట మీద తాటిచెట్లు గీస్తడు, పొద్దుగూకే ఎలుగు నీళ్లల్ల కదుల్తున్నట్టే ఉంటది. ఇంతవరకు ఒక్కటి పోలే. మన జనానికి టేస్టు లేదని నేనంట. కాదనేటోళ్లు చెప్పున్రి.

బోర్డుల తాత:
గట్లనకు బిడ్డా. పాలమూరుల 30 ఏండ్లు బోర్డులు రాసిన, ఫ్లెక్సీలొచ్చినంక బ్రష్షు పక్కన పెట్టిన. ఇండ్లల్లకు దేవుని పటాలు గూడ ఏసిచ్చిన. కొనెటోడు ముందుగాల బొమ్మను చూడడు, గోడను చూస్తడు. ఒకామె రంగు ఆరకముందే వేలు పెట్టి చూపిచ్చింది: "లక్ష్మమ్మ కూసోవాలె, నిలబడితే ఇంట్ల ఆగదు." మళ్ల మొత్తం గీకి ఏసిన. గుర్రాలైనా అంతే, లోపలికి ఉరకాలె, వాకిట్లకు కాదు. మీ చుట్టపాయన తాటిచెట్టుకు ఏ గోడ మీద జాగున్నది చెప్పు?

పాలమూరు పిల్ల:
తాతా, మరి రవివర్మ లక్ష్మి తామరపువ్వు మీద నిలబడే ఉంటది గదా! గా పటం ఎన్ని పూజగదులల్ల లేదు? జనం అడిగింది గీసిండని కాదు, అందేటట్టు చేసిండని నా లెక్క. 1894ల బొంబాయిల అచ్చు ప్రెస్సు పెట్టిండు. నూనెరంగుల బొమ్మ రాజులకు, కాయితం బొమ్మ మనలాంటోళ్లకు. తాతల నాటి నుంచి గదే చూసి చూసి, ఇప్పుడు దేవత మొఖమంటేనే గది. ముందు ధర అందాలె, ఇష్టం దాని ఎనకనే వస్తది.

లెక్కల సారు:
ఒకటి మరుస్తున్నరు. గా ప్రెస్సు రవివర్మకు కలిసిరాలే. అప్పులై 1901ల జర్మనీ పనోడు ష్లైషర్‌కు అమ్మేసిన్రు. బొమ్మ ఊరూరు తిరిగింది గని గీసినాయన జేబు నిండలే. ఆయనకు పైసలొచ్చింది బరోడా లాంటి రాజుల కాడ. గందుకే జనానికి నచ్చుడు, పైసలొచ్చుడు రెండూ కలిపి మాట్లాడొద్దు.
మన బొమ్మలేసే తోట వైకుంఠం గారినే చూడున్రి, కరీంనగర్ దిక్కు బూరుగుపల్లి. ఆయన గీసే ఆడోళ్లకు పెద్ద బొట్టు, నిండు రంగుల చీరె, నల్లటి మొఖం. సంతకం చూడకముందే గుర్తువడ్తం. అసలు బొమ్మ కొనేది పైసలున్నోళ్లు, మన కాడికొచ్చేది కాపీలు. పేరు రావాలంటే గట్ల దూరం నుంచే గుర్తువట్టేటట్టు ఉండాలె. గని ఒకటే తీరు మళ్ల మళ్ల గీసుడు నాకు నచ్చది, చెప్తున్న.

పాలమూరు పిల్ల:
సారూ, బతుకమ్మను ఏటేటా ఒకటే తీరు పేరుస్తం. విసుగొచ్చిందా ఎన్నడన్న?

లెక్కల సారు:
బతుకమ్మను అమ్ముకోం గదమ్మా.

పానగల్లు పోరడు:
సారు పాయింటు పట్టిండు! అయినా గోడ, ధర, గుర్తు అంటున్నరు. మరి బొమ్మ బాగుండుడు లెక్కల్నే లేదా?

బోర్డుల తాత:
ఉంటది, ఎందుకుండది. నిలబడి చూస్తరు. కొనుడు వేరే. నేను నా కోసం ఒకటే బొమ్మ ఏసుకున్న. మా దిక్కు లేబర్‌ను తోలుకపోయే బొంబాయి బస్సు. పైన మూటలు, సత్తు గిన్నెలు, కిటికీల మా అమ్మ. చాయ్ హోటల్ల పెడితే తాగేటోళ్లు గిలాస పట్టుకొనే నిలబడి చూసిన్రు. ఒకామె ఏడ్చింది గూడ. కొంటనని ఒక్క సేటు వచ్చిండు, "బస్సు తీసేసి ఎడ్లబండి ఎయ్యి, హాల్ల పెట్టుకుంట" అన్నడు. ఎయ్యలే. గిప్పుడు బియ్యం డబ్బ ఎనక ఉన్నది.

పానగల్లు పోరడు:
సేటును ఏమంటం తాతా, ఇల్లు కట్టుకున్నోడు ఏడుపు బొమ్మ ఎందుకు పెట్టుకుంటడు... అరె, నేనే మీ దిక్కు మాట్లాడుతున్న. ఫొటో పెట్టు జర.

బోర్డుల తాత:
నా ఫోన్ కెమెరా పలిగింది. మనవడు ఐతారం వస్తడు, పెట్టిస్త.