డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) లేని ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఆయిల్ మట్టం చూడటం ఎలా?
విజయనగరంలో నేను నడుపుతున్న పాత ఆటోమేటిక్ కారు శృంగవరపుకోట దాటి అరకు ఘాట్ ఎక్కేటప్పుడు గేరు మారడానికి తడబడుతోంది కనుక, ముందుగా ట్రాన్స్‌మిషన్ ఆయిల్ మట్టం చూడాలనుకుంటున్నాను. ఇది సీవీటీ (విడివిడి గేర్లు లేకుండా బెల్టుతో నడిచేది) కాదు, టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించేది) రకం.

ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా గేరు లివర్‌ను అన్ని స్థానాల్లోకీ తిప్పి మళ్లీ ‘పీ’ (పార్కింగ్)లో పెట్టి, ఆయిల్ వేడి 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు అడుగునున్న లెవెల్ బోల్టు విప్పితే, మట్టం సరిగ్గా ఉంటే సన్నటి ధార కారాలని మాన్యువల్ చెబుతోంది. మా వైపు మే నెల ఎండలో బండి నీడన నిలిపినా ఆయిల్ ఆ వేడికి దగ్గరగానే ఉంటుంది; ఇంజిన్ ఆన్ చేసిన కాసేపటికే హద్దు దాటుతుంది.

తెల్లవారుజామున చూడటమే మార్గమా? కారు కంప్యూటరు నుంచి ఆయిల్ వేడిని చదివే స్కానర్ లేనప్పుడు, ఆయిల్ ప్యాన్ మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో తీసుకున్న కొలతను నమ్మవచ్చా? ఇది సీల్డ్ (మూసి ఉంచిన) గేర్‌బాక్స్, ముట్టుకోవద్దని ఇక్కడి మెకానిక్ అంటున్నారు గానీ, లీకయితే సీల్డ్ అయినా తగ్గుతుంది కదా! అనుభవమున్నవారు దయచేసి తెలియజేయగలరు.