అంబాసిడర్ పెట్రోల్ ఇంజిన్: ప్యాకింగ్ మార్చిన ప్రతిసారీ ఛాంబర్ దగ్గర మళ్లీ ఆయిల్ లీకు

గోదారి_అంబీ:
నాన్నగారి బండి, మార్క్ 4, 1984 మోడల్, 1489 సీసీ పెట్రోల్. రాత్రి పెట్టి పొద్దున చూస్తే ఇంజిన్ కింద అరచేయంత మరక. షెడ్డుకి తీసుకెళ్లినప్పుడల్లా ఛాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే రేకు తొట్టి) దించుతారు, కొత్త కార్క్ ప్యాకింగ్ (గాస్కెట్) వేసి బిగిస్తారు, కొన్నాళ్లు బాగానే ఉండి మళ్లీ మొదలవుతుంది. పోయినసారి సిలికాన్ కూడా దట్టంగా పూశారు, అయినా అంతే. ఇప్పుడేమో మేస్త్రి ఇంజిన్ దించి క్రాంక్ (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) వెనక సీల్ మార్చాలంటున్నాడు. ఖర్చు సంగతి అలా ఉంచితే, అదీ చేయించాక ఆగకపోతే ఏంటని టెన్షన్. అసలు లీకు ఎక్కడో తేల్చుకునేదెలా?

షెడ్డు_శీను:
ఆగండి సార్, ఇంజిన్ దించకండి. అది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వాళ్ల పాత బీ సిరీస్, మూడు మెయిన్ బేరింగుల ఇంజిన్. మధ్యలో ఎవరూ మార్పులు చేయకుండా అసలుదే అయితే వెనక మార్చడానికి రబ్బరు సీలే ఉండదు! క్రాంక్ మీద మర లాంటి గాడి ఉంటుంది, తిరిగేటప్పుడు అదే ఆయిల్‌ని లోపలికి నెడుతుంది. ఇంజిన్ ఆగాక ఆ గాడి చేసేదేమీ లేదు కాబట్టి ఒకటి రెండు చుక్కలు పడటం దానికి మామూలే, ముక్కు పైకి ఉండేలా ఏటవాలులో నిలిపితే ఇంకాస్త ఎక్కువ పడతాయి.
ఇంజిన్ వెనక క్లచ్‌ని కప్పి ఉండే బెల్ హౌసింగ్ అడుగున ఒక రంధ్రం, అందులో వేలాడే స్ప్లిట్ పిన్ ఉన్నాయేమో చూడండి. పిన్నుని కాస్త కదిపి మురికి వదిలించండి. అక్కడ పొడిగా ఉంటే వెనక గొడవ లేనట్టే. తడిగా ఉంటే వేలితో తీసి వాసన చూడండి, గేర్‌బాక్సు నుంచి వచ్చిన గేర్ ఆయిలైతే ఘాటు వేరే, తెలిసిపోతుంది.
తర్వాత ఇంజిన్ మొత్తం కిరోసిన్‌తో కడిగి, బాగా ఆరాక పక్కల, అడుగున టాల్కం పౌడర్ చల్లండి. ఇంజిన్ వేడెక్కేదాకా బండి నడిపి, వచ్చాక టార్చి వేసుకుని పైనుంచి కిందికి చూడాలి. అందరూ కింద పడుకుని చుక్క పడేచోటే చూస్తారు, అదే తంటా. ఆయిల్ పైన ఎక్కడ కారినా కిందికి, బండి నడిచేటప్పుడు గాలికి వెనక్కి పాకి చివరికి ఛాంబర్ అంచునే చుక్కగా పడుతుంది. తడి మొదలైన అన్నిటికన్నా పై చోటే మీ లీకు.
నా అనుమానం మాత్రం కార్బ్యురేటర్ వైపు బ్లాకు పక్కనుండే రెండు ట్యాపెట్ కవర్ల (వాల్వుల్ని లేపే ట్యాపెట్లని మూసే రేకు మూతలు) మీద. మానిఫోల్డ్ (కార్బ్యురేటర్, సైలెన్సర్ గొట్టాలు ఇంజిన్‌కి కలిసే భాగం) అడ్డం కాబట్టి ఎవరూ చూడరు. ఆ వేడికి కార్కు అట్టలా గట్టిపడిపోతుంది.

పాతబండ్లు_హైద్రాబాద్:
శీను అన్న చెప్పింది కరెక్ట్. రెండో వైపు ఆయిల్ ఫిల్టర్ కూడా చూడండి. క్యాను పైన గాడిలో రబ్బరు రింగు ఉంటుంది, పాతది తీయకుండా దాని మీదే కొత్తది పెట్టేవాళ్లు ఉన్నారు.
ఛాంబర్ ఎలాగూ అన్నిసార్లు విప్పారు కాబట్టి దాని అంచు కూడా అనుమానించాల్సిందే. కార్కు ప్యాకింగ్‌ని పానాతో బలంగా బిగించేకొద్దీ బోల్టు రంధ్రాల చుట్టూ రేకు పైకి ఉబ్బుతుంది, దాంతో బోల్టుకీ బోల్టుకీ మధ్య సందు. ఎన్ని కొత్త ప్యాకింగులు వేసినా ఆ సందు పోదు. చదునైన ఇనప దిమ్మ మీద పెట్టి చిన్న సుత్తితో అంచు సరిచేశాకే బిగించాలి, అదీ చుట్టూ కొంచెం కొంచెంగా. ముందూ వెనకా బేరింగ్ క్యాపుల మీద వేసే కార్కు ముక్కల చివర్లు పక్క ప్యాకింగ్‌తో కలిసే నాలుగు మూలల్లో మాత్రం చుక్క సిలికాన్ చాలు. దట్టంగా పూస్తే లోపలికి పిండుకొచ్చిన ముక్కలు ఊడి ఆయిల్ పంపు జల్లెడకి అడ్డం పడతాయి. అప్పుడు లీకు కాదు, బేరింగులే పోతాయి.

గోదారి_అంబీ:
ఇద్దరికీ థ్యాంక్స్. పౌడర్ పద్ధతి చేశాను. పిన్ పొడిగానే ఉంది, ఫిల్టర్ దగ్గరా ఏమీ లేదు. ట్యాపెట్ కవర్లలో ముందుదాని కింద పౌడర్ మీద నల్లటి చార, నేరుగా ఛాంబర్ అంచు దాకా! ఒకే బోల్టు కదా, కాస్త బిగించి చూడనా?

షెడ్డు_శీను:
వద్దు సార్. మధ్యలో ఒక్క బోల్టే కాబట్టి బిగిస్తే రేకు లోపలికి వంగి అంచులు లేస్తాయి. విప్పి, అంచు చదును చేసి, కొత్త ప్యాకింగ్ వేసి, బోల్టు కింద వాషర్ కూడా మార్చండి. ముందు కవరుకే బ్రీదర్ గొట్టం ఉంటుంది, అందులో మడ్డి పేరుకుంటే లోపలి ఆవిరి పోయే దారి లేక ప్యాకింగుల్లోంచి ఆయిల్‌ని తోస్తుంది, అందుకని అది కిరోసిన్‌లో నానబెట్టి బాగా కడగండి. బిగించాక ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడండి. పొగ బుస్సుమని కొడుతుంటే పిస్టన్ రింగులు అరిగినట్టు, అప్పుడు కంప్రెషన్ (సిలిండర్లలో ఒత్తిడి) చూపించి ఆ లెక్కలు ఇక్కడ పెట్టండి.