ఎస్ఆర్ మాత్రకు జెజునమ్ విలువ ఒక్కటి సరిపోతుందా?

లావణ్య, ఎం.ఫార్మ్, తిరుపతి:
నమస్కారం. నా థీసిస్ షుగర్ మందు మెట్‌ఫార్మిన్ ఎస్ఆర్ (మందును నెమ్మదిగా వదిలే) మాత్ర మీద. మేక జెజునమ్ (చిన్నపేగు మధ్యభాగం) ముక్కను గాజు కడ్డీతో లోపలి పొర బయటికి వచ్చేలా తిప్పి, రెండు కొసలూ దారంతో కట్టి, ఆక్సిజన్ పంపుతున్న క్రెబ్స్ ద్రావణంలో (శరీర ద్రవాన్ని పోలిన లవణాల నీళ్లు) వేలాడదీసి పర్మియబిలిటీ (మందు పేగు గోడను దాటే వేగం) కొలిచాను. డిసల్యూషన్‌లో (మాత్రను ద్రావణంలో కరిగించే పరీక్ష) మాత్ర 12 గంటలపాటు మందు వదులుతోంది. మనిషి పేగులో ఎంత శోషణ జరుగుతుందో అంచనా వేయాలి. ఆ లెక్కలో కాలం దగ్గర 12 గంటలు వేయమని ఒకరు, 3 గంటలు చాలని ఇంకొకరు అంటున్నారు. ప్రెజెంటేషన్ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది. ఏది వేయాలి?

చిత్తూరు మెడికల్ షాపు:
మేం ఎస్ఆర్ మాత్ర రాత్రి భోజనంతోనే వేసుకోమంటామమ్మా. సంగటి తిన్న కడుపు త్వరగా ఖాళీ కాదు, మాత్ర కడుపులోనే ఎక్కువసేపు ఆగుతుంది. ఆ సమయాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి.

ఫార్ములేషన్ అన్న:
చెల్లెమ్మా, ఆయన చెప్పింది ముఖ్యమైన మాట. 12 గంటలనేది మందు విడుదలయ్యే కాలం. నీకు కావలసింది ఆ మందు ఎక్కడ ఎంతసేపు ఉంటుందనేది. చిన్నపేగు దాటడానికి సగటున 199 నిమిషాలు పడుతుందని యూ, ఆమిడన్ అనే పరిశోధకుల లెక్క. చిన్నపేగును ఏడు భాగాలు చేసి, ఒక్కోదానికి దాదాపు 28 నిమిషాలు ఇస్తారు. అలా భాగాలుగానే వెయ్యి.

కడుపు, చిన్నపేగు దాటాక మిగతా గంటలన్నీ మాత్ర పెద్దపేగులో ఉంటుంది. అక్కడ జెజునమ్ విలువ వాడావంటే లెక్క పాడవుతుంది. మెట్‌ఫార్మిన్ పేగులో ఎప్పుడూ ధనావేశంతోనే ఉంటుంది, పొరలోంచి తనంతట తాను దూరలేదు. చిన్నపేగు గోడలోని ట్రాన్స్‌పోర్టర్ల (మందును లోపలికి మోసుకెళ్లే ప్రోటీన్లు) సాయం కావాలి. పెద్దపేగులో విల్లైలు (శోషణకు తోడ్పడే వేళ్లలాంటి సన్నని భాగాలు) లేవు, నీళ్లూ తక్కువే. మామూలు మాత్రకే బయోఅవైలబిలిటీ (రక్తంలోకి చేరే వాటా) 50–60 శాతం. నీ మోడల్ 90 దాటిస్తే మోడల్‌నే అనుమానించు.

ఇంకొకటి, మేక పేగు విలువను నేరుగా మనిషికి అంటగట్టొద్దు. స్వీడన్‌లోని ఉప్సలాలో లెన్నర్‌నాస్ బృందం రెండు బెలూన్లున్న గొట్టంతో మనుషుల జెజునమ్‌లో 10 సెంటీమీటర్ల భాగాన్ని వేరుచేసి కొలిచింది. వాళ్లు కొలిచిన మందుల్లో మెటోప్రొలాల్ అనే బీపీ మందు ఉంది. అదే మేక పేగులో దాన్నీ నడిపి, నీ విలువను దాంతో పోల్చి చూపించు.

లావణ్య:
థాంక్స్ అన్నా. అదే మేక ఇలియమ్ (చిన్నపేగు చివరిభాగం), పెద్దపేగు ముక్కలు కూడా తీసుకోనా?

ఫార్ములేషన్ అన్న:
తప్పకుండా. తెచ్చేటప్పుడు చల్లటి బఫర్‌లో ఉంచు. ట్రాన్స్‌పోర్టర్లు నిండిపోతాయి కాబట్టి కనీసం రెండు గాఢతల్లో కొలువు. వేరే ముక్కలో ఫినాల్ రెడ్ అనే రంగు పోసి దారం దగ్గర కారుతోందేమో ముందే చూసుకో.