“పోతా” కాదు, “పొయ్యొస్తా” అనాలని పిల్లలకు ఎట్లా చెప్పేది?

బైరాగిపట్టెడ, తిరుపతి:
ఇంట్లో చిన్నోళ్లు బడికి బయల్దేరేటప్పుడు “బై, పోతున్నా” అంటారు. వాళ్ల అవ్వకు ఆ మాట వింటేనే గుండె గుభేలుమంటుంది. దీపం ఆరిపోయింది అన్నా, బియ్యం అయిపోయినాయి అన్నా అంతే. “అంటే ఏమవుతుంది?” అని పిల్లోళ్లు అడిగితే “అట్లా అనగూడదు” అనడం తప్ప ఇంకో జవాబు లేదు. ఇవి ఉత్త భయాలేనా? మాటలో నిజంగా ఏమన్నా ఉందా? ఉంటే పిల్లలకు ఎట్లా అందించాలి?

కుప్పం వైపు:
“పొయ్యొస్తా”ను విడదీసి చూడండి. పోయి, వస్తాను. “పోయి” అసమాపక క్రియ, దాంతో వాక్యం ముగియదు. ముగించేది “వస్తాను”. గడప దాటే మనిషి పోవడాన్ని మధ్యలో పెట్టి, రావడం మీద మాట ఆపుతాడు. ఇంట్లో వాళ్ల చెవిలో చివరికి మిగిలేది ఆ రాకే. జవాబు కూడా “పో” కాదు, “పొయ్యిరా”. పెద్దోళ్లకైతే “పొయ్యి రాండి”.

ఇంకో సంగతి. “ఆయన పోయినాడు” అంటే ఊరికి పోయినాడనీ కావచ్చు, చనిపోయినాడనీ కావచ్చు. తెలుగులో ఈ రెండింటికీ ఒకే క్రియ. దాన్ని చావు నుంచి విడదీసేది వెనక తగిలించిన ఆ “వస్తా” ఒక్కటే. అవ్వ గుండె గుభేలుమనేది అందుకే, ఆమెకు వ్యాకరణం చెవిలోనే ఉంది.

ఇది తెలుగు ఒక్కదాని సొత్తూ కాదు. మూడు రాష్ట్రాలు కలిసే కుప్పం పక్క ఒక రోజు నిలబడితే తమిళంలో “పోయిట్టు వరేన్”, కన్నడంలో “హోగి బర్తీని” వినపడతాయి. మూడింటికీ ఒకటే కట్టుబడి. ఎనిమిదేళ్ల పిల్లకు “పోయి”, “వస్తాను” అనే ఆ రెండు ముక్కలూ కాగితం మీద రాసి చూపించండి. “అనగూడదు” అనే మాటే అక్కర్లేదు.

గిరింపేట, చిత్తూరు:
వంటింటి మాటలకు వెనక ఒక పని కూడా ఉంటుంది. ఆ పని చెయ్యకుండా మాట ఒక్కటే నేర్పితే నిలవదు.

బియ్యం “నిండుకున్నాయి” అనేది డబ్బా అడుగు కనపడినప్పుడు. పూర్తిగా ఊడ్చెయ్యకుండా ఒక గుప్పెడు ఉంచి, దానిమీద కొత్తవి పోస్తారు. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఆ పాత గుప్పెట్లో పురుగుంటే కొత్త బస్తాకంతా పాకుతుంది. కాబట్టి గుప్పెడు బియ్యం తీసి చాటలో చెరిగి పక్కన పెట్టుకోండి. డబ్బా కడిగి, తడి బొత్తిగా లేకుండా ఎండలో పెట్టండి. కొత్తవి పోసినాక పాత గుప్పెడు పైన వెయ్యండి, మొదట వండేది అదే. ఇంట్లో బియ్యం పూర్తిగా లేకుండా పోలేదు, పురుగూ పట్టలేదు.

దీపాన్ని నోటితో ఊదితే వత్తి కొస ఎర్రగా రాజుకుంటూ పొగ వస్తుంది, వేడి నూనె చిందుతుంది. పూకాడతో వత్తిని నూనెలోకి వెనక్కి లాగితే మంట మునిగి, పొగ పెద్దగా లేకుండా అణుగుతుంది. దాన్నే “కొండెక్కించడం” అంటాం. తిరుపతిలో ఉండే పిల్లలకు ఈ మాట వివరించే పనే లేదు. కొండెక్కడమంటే అలిపిరి నుంచి 3,550 మెట్లు, పైన స్వామి. మంట కూడా అక్కడికే పోయిందని చెప్పండి. తమిళంలో కూడా పూనకం దిగితే సామి కొండెక్కినాడనే అంటారు.

పుంగనూరు:
అన్నీ మొయ్యాల్సిన పని లేదక్కా. “తాళి పెరిగింది”, “గాజులు పెరిగినాయి” అనేవి తెగింది, పగిలింది అనకుండా ఉండటానికి పుట్టిన మాటలు. వాటి వెనకుండేది మొగుడు పోయిన ఆడమనిషిని ఎదురు రావద్దన్న భయం. ఆ భయాన్ని పిల్లలకు అంటించొద్దు. “అమ్మవారు పోసింది” కూడా అంతే. మశూచి ప్రపంచంలోనే లేదని 1980లో ప్రకటించినారు. ఇప్పుడు ఒంటిమీద పొక్కులొస్తే డాక్టరు దగ్గరికి పోవాల్సిందే, మాట చాటున మందు ఆగగూడదు.

ఇంకోటి గట్టిగా చెప్పాలి. రాత్రిపూట పామును “పురుగు” అంటాం. ఇంట్లో అనుకుంటే అనుకోండి. కానీ 108కి ఫోన్ చేసినప్పుడు మాత్రం “పురుగు ముట్టింది” అనొద్దు, “పాము కరిచింది” అనే చెప్పండి. అవతలోళ్లు తేలో జెర్రో అనుకునే ప్రమాదం ఉంది. ఈ తేడా పిల్లలకు తప్పకుండా నేర్పండి.

కుప్పం వైపు:
పుంగనూరు చెప్పింది నిజం. మనిషిని దగ్గరకు తీసే మాట ఉంచుకుందాం, మనిషిని పక్కకు నెట్టేది వదిలేద్దాం.

మాటలు రాసిపెట్టుకునేటట్టయితే, “అవ్వా, దీన్నేమంటావు?” అని అడగొద్దు. అడిగితే పుస్తకం మాట వస్తుంది, “వెళ్ళొస్తాను” అంటుంది. ఆమె పక్కింటామెతో మాట్లాడేటప్పుడు విని రాసుకోండి. “ఉండాది” అంటే “ఉండాది” అనే రాయండి, “ఉంది” అని దిద్దొద్దు. ఎవరు ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో పక్కన ఒక వరుస చాలు. ఫోన్‌లో రికార్డు చేస్తే ముందు అడిగి చెయ్యండి. మిక్సీ, కుక్కర్ మోగుతుంటే ఒక్క ముక్కా తేలదు, ఫోన్ జానెడు దూరంలో ఉండాలి.

జిల్లా పేరు ఒక్కటే రాస్తే ఉపయోగం లేదు, ఊరు రాయండి. చిత్తూరు జిల్లా 1911లో ఉత్తర ఆర్కాటు తాలూకాలకు కడప నుంచి మదనపల్లె, వాయల్పాడు కలిపి చేసింది. తూర్పు మాట వేరు, పడమటి మాట వేరు. 2022లో తిరుపతి వేరు జిల్లా అయింది కాబట్టి జిల్లా పేరు ఇంకా తికమక పెడుతుంది.

బైరాగిపట్టెడ, తిరుపతి:
చాలా సంతోషం. ఆఖరుగా ఒకటి. బస్సు వచ్చేసిన హడావుడిలో పిల్లోడు మళ్లీ “పోతున్నా” అంటే అక్కడికక్కడ దిద్దాలా?

గిరింపేట, చిత్తూరు:
దిద్దొద్దు. దిద్దితే గడప దగ్గర తిట్లు మిగుల్తాయి. “పొయ్యిరా నాయనా” అని మీరు జవాబివ్వండి, “రా” దగ్గర కొంచెం సాగదీసి. వాడు వదిలేసిన ముక్క మీ నోటితో పూర్తవుతుంది.