సెకండ్ హ్యాండ్‌ల వర్టస్ జీటీ, స్లావియా 1.5, వెర్నా టర్బో: మన ట్రాఫిక్‌కు, మన ఎండకు ఏది ఆగుతది?

హంటర్‌రోడ్ సెడాన్

అన్నలారా, 2023 మోడల్ సెడాన్ ఒకటి సెకండ్ హ్యాండ్‌ల తీసుకుందామని చూస్తున్న. మూడు బండ్ల దగ్గర ఆగిన. ఒకటి ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ, 1.5 టీఎస్‌ఐ (టర్బో పెట్రోల్) ఇంజన్, డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్). రెండోది స్కోడా స్లావియా, అదే ఇంజన్, 6 గేర్ల మాన్యువల్. మూడోది హ్యుందాయ్ వెర్నా టర్బో, 7 గేర్ల డీసీటీ (ఇది గూడ రెండు క్లచ్‌ల ఆటోమేటిక్కే). మూడూ 40 వేల కిలోమీటర్ల లోపే, మూడూ పాత టీఎస్ నంబర్లే.

వాడకం ఏందంటే, రోజూ కాజీపేట నుంచి హన్మకొండ చౌరస్తా దాకా ట్రాఫిక్‌ల పోయి రావాలె. జనగామ మీదికెళ్లి హైదరాబాద్ పోవుడు తరచుగ ఉంటది. అప్పుడప్పుడు ములుగు, ఏటూరునాగారం దిక్కు. ఎండకాలం ఏసీ ఫుల్లు పెట్టుకునే నడపాలె. ఐదారేండ్లు ఉంచుకుంట. నడుపుతుంటే మజా రావాలె, కానీ గేర్‌బాక్స్ పోతే లక్షలు పెట్టే స్తోమత లేదు. డీఎస్‌జీని ముట్టకు అనేటోళ్లున్నరు, ఏం కాదు తీసుకో అనేటోళ్లున్నరు. అసలు అది ఎందుకు పోతది? కొనేముందు ఏం చూడాలె?

రాజీవ్ రహదారి

తమ్మీ, వెర్నా తీసుకో. 160 పీఎస్ పవర్, 253 న్యూటన్ మీటర్ల టార్క్ (లాగే బలం). టీఎస్‌ఐది 150, 250. నూరు స్పీడు అందుకునుడు 8.1 సెకండ్లల్ల అని హ్యుందాయ్ లెక్క. సిద్దిపేట దిక్కు పోతుంటే గ్రానైట్ లారీని దాటాలంటే 60 నుంచి 100కు ఎంత తొందరగ పోతదన్నదే అక్కరకొస్తది, అండ్ల వెర్నా వెనకపడదు. టర్బోకు వెనక చక్రాలకు గూడ డిస్కులే. వర్టస్‌కు, స్లావియాకు ఎంత పై వేరియంట్ తీసుకున్నా వెనక డ్రమ్ములే ఇచ్చిండ్రు. చిన్నచిన్న పార్టులకు ఎదురుచూపు గూడ తక్కువ.

ఒక్కటే లోపం, కింద ఎత్తు 165 మిల్లీమీటర్లే. వర్టస్, స్లావియా 179. ఐదుగురు ఎక్కి డిక్కీ నింపితే ఊర్లల్ల పోసిన స్పీడ్ బ్రేకర్ల మీద వెర్నాను అడ్డంగ తిప్పి దాటించాలె.

పొడి క్లచ్

పవర్ పంచాయితీ జర పక్కన పెట్టుండ్రి. ఈ మూడింట్ల ఇంజన్ ఏదీ భయపెట్టేది కాదు. తమ్ముడు అడిగింది గేర్‌బాక్స్ గురించి. ముందు ఒక సంగతి: వర్టస్ డీఎస్‌జీ, వెర్నా డీసీటీ రెండూ పొడి క్లచ్ పెట్టెలే. డీఎస్‌జీని తిట్టి వెర్నాను మెచ్చుకునేటోళ్లు ఇది మర్చిపోతరు.

వర్టస్‌ల ఉండే డీఎస్‌జీ పేరు డీక్యూ200. అండ్ల రెండు క్లచ్‌లు. ఒకటి 1, 3, 5, 7 గేర్లకు, ఇంకోటి 2, 4, 6, రివర్స్‌కు. ఇవి నూనెల మునిగి ఉండవు. బండి మెల్లగ పాకేటప్పుడు ఇంజన్ ఒక వేగంల, గేర్‌బాక్స్ షాఫ్టు అంతకంటే తక్కువ వేగంల తిరుగుతయి. ఆ తేడా అంతా క్లచ్ జారుడుతోనే సర్దుకోవాలె, జారినకొద్ది వేడి పుడుతది. కడిగి తీస్కపోయేందుకు నూనె లేదు కాబట్టి ఆ వేడి తొందరగ దిగదు. మళ్లమళ్ల అట్లయితే క్లచ్ పట్టీ నున్నగయి పట్టు ఒక తీరుగ ఉండదు. 1 నుంచి 2కు, 2 నుంచి 1కి మారేటప్పుడు బండి వణుకుతది. అక్కడి నుంచి మొదలు.

మామూలు ఊరి ట్రాఫిక్‌తోని ఇది చావదు. చంపేది మేడారం జాతర లాంటి దినాలు: పస్రా దాటినంక గంటల కొద్ది అడుగడుగు పాకుడు, బండి నిండ మనుషులు, సామాను, ఏసీ. అసొంటప్పుడు బ్రేకు సగం వదిలి పాకియ్యకుండ్రి. ముందు బండికి, మీకు రెండు బండ్ల జాగ అయ్యేదాక బ్రేకు గట్టిగ తొక్కి ఆగుండ్రి, అప్పుడు క్లచ్ పూర్తిగ విడిపోతది. జాగ దొరికినంక ఒక్కసారి కదిలి, పోయి, మళ్ల పూర్తిగ ఆగుండ్రి. లీవర్ మాన్యువల్ దిక్కు జరిపి ఒకటో గేర్ల పెట్టుకుంటే 1-2 మధ్య ఊగులాట ఉండదు. ఎత్తు మీద బండిని ఎక్సిలరేటర్‌తో ఆపి పట్టుకునుడు అన్నిటికంటే చెడ్డది. ఇంటి ముందటి ర్యాంపు రివర్స్‌ల ఎక్కేటప్పుడు ఆగుకుంట ఆగుకుంట కాకుండ ఒక్క తీరుగ ఎక్కియ్యాలె.

రెండో జబ్బు వేరే, దానికి క్లచ్‌తోని సంబంధం లేదు. గేర్లు మార్చే మెకట్రానిక్ యూనిట్‌కు సొంత పంపు, సొంత నూనె, ఒత్తిడి నిల్వ పెట్టే అక్యుములేటర్ ఉంటయి. అక్యుములేటర్ బిగించే కాడ హౌసింగ్ పగిలితే నూనె కారిపోయి ఒత్తిడి నిలవదు. బండి నిలబడ్డ కాడనే నిలబడుతది, గేర్ పడదు. స్కానర్ పెడితే పీ17బీఎఫ్ కోడు వస్తది. పాత డీక్యూ200 బండ్లల్ల బాగ పేరుమోసిన జబ్బు ఇది, లక్షల మాట వచ్చేది ఇక్కడనే. వెర్నాల క్లచ్‌లను నడిపేది హైడ్రాలిక్ ఒత్తిడి కాదు, ఎలక్ట్రిక్ మోటార్లు. అందుకని ఈ రెండో జబ్బు దానికి లేదు. మొదటిది మాత్రం ఉంది. గేర్‌బాక్స్ వేడెక్కిందని మీటర్ల మధ్య హెచ్చరిక వస్తే పక్కకు ఆపి, ఇంజన్ బంద్ చెయ్యకుండ పార్క్‌ల పెట్టి, చల్లబడ్డదని మెసేజ్ వచ్చేదాక ఆగాలె.

ఐదారేండ్లు ఉంచుకోవాలె, పెద్ద ఖర్చు వద్దు అన్నప్పుడు నా ఓటు స్లావియా మాన్యువల్‌కే. క్లచ్ అరిగితే ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్ మార్చుకుంటే అయిపాయె, దానికి ప్రత్యేక స్కానర్లు, అడాప్టేషన్లు (క్లచ్ పట్టును గేర్‌బాక్స్ కంప్యూటర్‌కు నేర్పుడు) అక్కర లేదు.

స్టేషన్ ఘన్‌పూర్ జీటీ

పొడి క్లచ్ అన్న చెప్పిన మెకానిజం అంతా నిజం. కానీ అది చదివి డీఎస్‌జీ అంటేనే భయపడాల్సిన పని లేదు. ఈయన వాడకంలో సగం హైవేనే. ఆలేరు, జనగామ మీదుగా ఒకే వేగంతో వెళ్తుంటే క్లచ్ జారదు, అరగదు. తక్కువ లోడులో నాలుగు సిలిండర్లలో 2వది, 3వది ఆగిపోయి మిగతా రెండింటి మీదే ఇంజన్ నడుస్తుంది, మైలేజీ అక్కడే వస్తుంది. వేగంలో స్టీరింగ్ మీద నమ్మకం, గుంత తగిలాక బండి ఒక్కసారికే కుదురుకోవడం, ఈ రెండింట్లో వెర్నా కంటే వర్టస్, స్లావియా నాకు మేలు. భద్రతలో తేడా వెతకనక్కర్లేదు, గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టుల్లో 2023లో మూడింటికీ 5 స్టార్లు వచ్చాయి.

డ్రమ్ముల సంగతి కూడా అంత పెద్దది కాదు. గట్టిగా తొక్కినప్పుడు బరువంతా ముందుకే వస్తుంది, బండిని ఆపేది చాలావరకు ముందు డిస్కులే. దానికన్నా టైర్లు చూడండి. కోతల టైంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, చుట్టూ రాళ్లు పెడతారు. పొద్దుగూకాక గింజల మీద బ్రేకు వేస్తే ఎవరి డిస్కులూ పనిచేయవు, ఏబీఎస్ కొట్టుకుంటూ బండి ముందుకు జారిపోతుంది. అరిగిన టైరుతో అయితే మరీ ప్రమాదం.

మాన్యువల్ మీద ఒక మాట. 6వ గేరులో 1,300 ఆర్‌పీఎం దగ్గర నిండా తొక్కి లాగించకండి. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోలో అలా చేస్తే సిలిండర్‌లో మంట టైముకు ముందే అంటుకుని పిస్టన్ మీద దెబ్బ పడుతుంది. గేరు తగ్గించి లాగాలి. ఈ పొరపాటు డ్రైవరు చేయకుండా ఆటోమేటిక్ చూసుకుంటుంది.

హంటర్‌రోడ్ సెడాన్

అన్నా, మస్తు క్లియర్ అయింది. స్లావియా దిక్కే మనసు పోతున్నది, కానీ వర్టస్ ఓనర్ ధర తగ్గిస్తనంటుండు. ఒకవేళ డీఎస్‌జీనే తీసుకుంటే చూసుడు ఎట్ల? రీమ్యాప్ చేసిన (సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచిన) బండి అయితే ఎట్ల కనిపెట్టాలె?

పొడి క్లచ్

చల్లటి ఇంజన్‌తోని మొదలుపెట్టు. పొద్దున్నే పో, పోంగనే బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగ ఉంటే నువ్వు రాకముందే స్టార్ట్ చేసిండ్రన్నట్టు, ఇంకో రోజు రమ్మను.

బానెట్ లేపి కూలెంట్ ట్యాంకుల మట్టం చూడు. ఈ ఇంజన్ల నీళ్ల పంపు, థర్మోస్టాట్ ఒకే హౌసింగ్‌ల, గేర్‌బాక్స్ దిక్కు చివరకు ఉంటయి. లీకయితే ఆ చుట్టుపక్కల ఎండిన గులాబీ రంగు మరకలు ఉంటయి. టార్చి పెట్టి చూడాలె. ట్యాంకుల నీళ్ల రంగు పలచగ తేలిపోయి ఉంటే నల్లా నీళ్లు కలిపిండ్రేమో అడుగు.

ఇగ అసలు పరీక్ష. చల్లగ ఉన్నప్పుడు డీఎస్‌జీ మంచిగనే నడుస్తది, అది చూసి మోసపోకు. అరగంట చౌరస్తా ట్రాఫిక్‌ల తిప్పి వేడి ఎక్కినంక చదును రోడ్డు మీద ఆపు. ఎక్సిలరేటర్ ముట్టకుండ బ్రేకు మెల్లగ వదులు. కదిలేటప్పుడు, 2కు పడేటప్పుడు వణుకుడు ఉండొద్దు. తర్వాత చిన్న ఎత్తు చూసి రివర్స్‌ల ఎక్కియ్యి. అక్కడ వణికితే రెండో క్లచ్ అరిగింది. 20 నుంచి పూర్తిగ ఆగేదాక మెల్లగ బ్రేకు పట్టు, చివర్ల ముందుకు నెట్టినట్టు, తన్నినట్టు ఉండొద్దు.

ఫోక్స్‌వ్యాగన్ స్కానర్ ఉన్న మెకానిక్‌ను పట్టుకపో. మామూలు ఓబీడీ డాంగిల్ (బండికి పెట్టి కోడ్లు చదివే చిన్న పరికరం) గేర్‌బాక్స్ లోపలికి పోదు. క్లచ్ అడాప్టేషన్ విలువలు, ఎంత వేడి దాక పోయిందన్న లెక్క అండ్ల చూడొచ్చు. కోడ్లు అన్నీ ఆ పొద్దే క్లియర్ చేసినట్టు ఉంటే అదే ఒక జవాబు.

రీమ్యాప్ విషయంల పట్టుదలగ ఉండు. డీక్యూ200 మోసే హద్దే 250 న్యూటన్ మీటర్లు. కంపెనీ ట్యూన్‌లనే ఇంజన్ ఆ హద్దు మీద ఉంది, దాని మీద ఇంకింత పెంచితే క్లచ్ జారుడే. కంపెనీ సర్వీస్ సెంటర్ల కంప్యూటర్ పెట్టి ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) సాఫ్ట్‌వేర్ మారిందా లేదా చూపియ్యమను, ఓనర్ వద్దంటే బేరం ఆపెయ్యి. ఎక్స్‌టెండెడ్ వారంటీ కట్టిందైతే నీ పేరు మీదికి మారుతదా, గేర్‌బాక్స్ అండ్ల వస్తదా అని రాతపూర్వకంగ తీసుకో. వారంటీ లేని డీఎస్‌జీని ఎంత తగ్గించినా నేను వద్దనే అంట.

రాజీవ్ రహదారి

పొడి క్లచ్ అన్న మాట వెర్నాకు గూడ పనికొస్తది, ఆ వేడి పరీక్ష అట్లనే చెయ్యి. సర్వీస్ బుక్కు చూసేటప్పుడు ఒకటి యాదుంచుకో: హ్యుందాయ్‌ది 10 వేల కిలోమీటర్లకు లేదా ఏడాదికి, వర్టస్, స్లావియాలది 15 వేలకు లేదా ఏడాదికి. తక్కువ దూరాలు తిరిగే టర్బో బండికి 15 వేలు ఎక్కువ, మధ్యల ఒకసారి ఆయిల్, ఫిల్టర్ మార్చుకుంటే మంచిది. ఆయిల్ గ్రేడు మాన్యువల్ బుక్కుల ఉన్నదే పొయ్యాలె, బయట ఏది చౌకగ దొరికితే అది కాదు.

ములుగు రోడ్డు

ఇంట్ల ఇంకొకరు ఆటోమేటిక్‌నే కావాలంటే, వర్టస్, స్లావియాలల్లనే 1.0 టీఎస్‌ఐ, 6 గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ ఉంది చూడు. 115 పీఎస్, 178 న్యూటన్ మీటర్లు. నూనెతోని నడిచే కన్వర్టర్ కాబట్టి మేడారం తొవ్వల ఎంత పాకినా పట్టీ కాలుడు ముచ్చట ఉండదు. 1.5 అంత ఊపు రాదు, నలుగురితోని లారీని దాటాలంటే ముందే చూసుకుని గేరు దించాలె. సీట్లు, డిక్కీ, 179 ఎత్తు అన్నీ అవే. 2023 బండి అంటే టైర్లు గూడ ఆ ఏడాదివే ఉండొచ్చు. టైరు పక్కన డాట్ రాసిన వరుసల చివరి నాలుగంకెలు చూడు, 2323 అని ఉంటే 2023ల 23వ వారంల తయారయినట్టు. ఏడాదో రెండేండ్లో ఆగి నాలుగూ మార్చాల్సిందే, ఆ డబ్బులు ఇప్పుడే బేరంల తీసెయ్యమను.